లైన్లు ఖాళీ లేవండీ

మొన్న కళ్ళ డాక్టరు అపాయింట్‌మెంటు కోసం ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఒక ఆడగొంతు పలికింది. "నమస్కారమండీ, ఎలా ఉన్నారండీ?" అంది. ఏ కన్ను నొప్పో అడిగింది. నాకు దగ్గు వస్తే, "మంచినీళ్ళు తాగండి, నేను ఆగుతాను" అని కూడా అంది. పక్కన కూర్చున్న మనవరాలు నవ్వు ఆపుకోలేక, "అమ్మమ్మా, అది మనిషి కాదు, ఏఐ" అని చెప్పింది. నేను వెంటనే ఫోన్ పెట్టేశాను. బాగానే మాట్లాడుతోందిగా, ఎందుకు పెట్టేశావని పిల్ల గోల. బాగా మాట్లాడబట్టే పెట్టేశాను. యంత్రం నోటి నుంచి 'అండీ' అన్న మాట వింటే నాకు ఒకచోట కుదురుండదు. లేచి వంటింట్లోకి వెళ్ళాను, ఎందుకు వెళ్ళానో తెలియక తిరిగొచ్చాను, మళ్ళీ వెళ్ళాను. పిల్లకి కారణం చెప్పబోతే ఫోన్ చూసుకుంటూ ఊ కొట్టింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

డెబ్బైలలో నా పేరు బెజవాడ.

వేళాకోళం కాదు. అప్పుడు నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ట్రంకు బోర్డు మీద ఆపరేటర్ని. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మాట్లాడాలంటే ఎంతటివాళ్ళైనా సరే మాకు ఫోన్ చేసి కాల్ బుక్ చేసుకుని, మేము పిలిచేదాకా కూర్చోవాల్సిందే. మేము అవతలి ఊరి ఆపరేటర్ని పిలిచి, తాడు చివర ఉన్న ఇత్తడి ప్లగ్గుని బోర్డు మీద ఆ ఊరి కన్నంలో గుచ్చి ఇద్దరినీ కలిపేవాళ్ళం. ఆపరేటర్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నది లేదు, పేర్లతో పనీ లేదు. బందరు బోర్డు మీద కూర్చున్నది బందరు, తెనాలి బోర్డు మీద కూర్చున్నది తెనాలి. "ఏం బెజవాడా, అన్నం తిన్నావా?" అని బందరు అడిగితే, "నువ్వు ముందు లైనివ్వు, తర్వాత తింటాను" అనేదాన్ని. తెనాలికి పెళ్ళి కుదిరిన సంగతి రెండు జిల్లాల లైన్లన్నిటికీ ఆ పూటే తెలిసిపోయింది.

మా వైపు జనం నంబర్లు చెప్పేవాళ్ళు కాదు, వరసలు చెప్పేవాళ్ళు. "గుంటూరులో మా వియ్యంకుడి కొట్టుకివ్వమ్మా" అనేవారు. నంబరేంటండీ అంటే, "మొన్న నువ్వేగా ఇచ్చావ్!" అని కోప్పడేవారు. మొన్న ఇచ్చింది నేను కాదని చెప్పినా ఒప్పుకునేవాళ్ళు కాదు. ఇక లైన్లు దొరకనప్పుడు జరిగేది చూడాలి. మేము "లైన్లు ఖాళీ లేవండీ" అనేవాళ్ళం. ఖాళీ లేవు అంటే మాట అక్కడితో తెగిపోతుంది. లేవండీ అంటే మా దగ్గర అర్థం వేరు. ఇంకా అడగవచ్చు అని. అవతలివాళ్ళు వెంటనే అందుకుని, "అర్జంటమ్మా, కాస్త చూడమ్మా" అనేవారు. మేము విసుక్కుంటూనే ఏలూరు మీదుగానో గుంటూరు మీదుగానో తిప్పి, ఎలాగోలా ఇచ్చేవాళ్ళం. ఈ బేరం ఏ రూల్సులోనూ లేదు. కానీ మా పనంతా దాని మీదే నడిచేది.

నా ఉద్యోగం మాత్రం గాలిలో దీపంలా ఉండేది. నన్ను షార్ట్ డ్యూటీ మీద తీసుకున్నారు. అంటే అవసరమైనప్పుడు పిలుస్తారు, కూర్చున్న గంటలకి డబ్బులిస్తారు, అక్కర్లేనప్పుడు ఇంటికి పొమ్మంటారు. పర్మనెంటు చేస్తారన్న ఆశ మీద ఏళ్ళు గడుపుతున్నాను. అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయా. భవానీపురంలో ఒక గదిలో ఉండేవాళ్ళం. సాయంత్రం అమ్మ మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెడుతుంటే, నొప్పికి కళ్ళు మూసుకుని కీర్తన పాడుకునేది. "నాకు పర్మనెంటయిన రోజున నీ ఆయా చీర తీసుకెళ్ళి కృష్ణలో వదిలేద్దాం" అనేదాన్ని. "ప్రభువు చూస్తాడులే" అనేది అమ్మ. "ప్రభువు ఎప్పుడో చూశాడమ్మా, ఆఫీసరే ఇంకా చూడలేదు" అని నేను అంటే, నవ్వాపుకుంటూ నెత్తిన ఒకటి మొట్టేది. నాకు కావలసింది ఆ ఒక్కటే, అమ్మ ఆ చీర కట్టడం మానేయాలి.

అలాంటి సమయంలో కబురొచ్చింది. హైదరాబాదుకి ఇక ఆపరేటరు అక్కర్లేదట, ఎవరింట్లో వాళ్ళు డయలు తిప్పుకుంటే నేరుగా కలుస్తుందట. కింది గదిలో బీరువాల్లాంటి యంత్రాలు దించారు. యూనియన్ వాళ్ళు గేటు దగ్గర జెండాలు పట్టుకుని ఉపన్యాసాలిచ్చారు. పర్మనెంటు వాళ్ళు ఆ ఉపన్యాసాలకి చప్పట్లు కొట్టి, టీ తాగి లోపలికొచ్చేవారు. నాకు టీ కూడా సహించేది కాదు. బోర్డు ముందు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. డ్యూటీ అయ్యాక తిన్నగా ఇంటికి వెళ్ళకుండా బ్యారేజీ దాకా నడిచి, నీళ్ళు చూసి, మళ్ళీ వెనక్కి నడిచేదాన్ని. ఆ యంత్రాల మీద నాకు కోపం లేదు. అవి వచ్చాక నేను ఎవరికి కావాలో ఎవరూ చెప్పకపోవడం మీదే కోపం.

ఒకనాడు ఇంజనీరు గారు మా గదిలోకి వచ్చారు. కుర్రాడే, నెమ్మదైన మనిషి. డయలు తిప్పినవాళ్ళకి లైను దొరక్కపోతే ఒక మాట వినిపించాలట, దాన్ని టేపు మీద ఎక్కించడానికి మంచి గొంతు కావాలట. మా సూపర్‌వైజరమ్మ గారు నన్ను చూపించారు. "ఈ పిల్ల చర్చిలో పాడుతుందండీ" అని సిఫార్సు చేశారు. ఆ తర్వాత నన్ను పక్కకి లాగి, "ఆఫీసరు గారి కళ్ళలో పడతావే. పర్మనెంటు లిస్టు కదిలే టైములో నీ గొంతు అందరి చెవుల్లో ఉంటే మంచిదేగా?" అన్నారు. ఆ మాట నా నెత్తిన పాలు పోసినట్టయింది.

పైనుంచి పంపిన వాక్యం ఇలా ఉంది: "ఈ మార్గమునందలి తంతులన్నియు కార్యనిమగ్నములై యున్నవి. దయయుంచి కొంత తడవు ఆగి మరల ప్రయత్నింపుడు." నేను చదవడం మొదలుపెట్టాను. 'కార్యనిమగ్నములై' దగ్గరికి వచ్చేసరికి ఇంజనీరు గారికే నవ్వాగలేదు. "ఇది మా నాన్నగారికి కూడా అర్థం కాదు. మీరు బోర్డు మీద ఎలా చెబుతారో అలా చెప్పేయండి" అన్నారు. నేను చెప్పేశాను: "ఈ రూటులో లైన్లు ఖాళీ లేవండీ. దయచేసి కాసేపాగి మళ్ళీ చేయండి." ఇంజనీరు గారు బొటనవేలు ఎత్తి చూపించి బాగుందన్నారు. ఇంటికి వెళ్ళి అమ్మకి చెబితే, ఆసుపత్రిలో డాక్టరమ్మ గదిలో ఉన్న ఫోన్ నుంచి నా గొంతు వినవచ్చా అని అడిగింది. లైను దొరక్కపోతేనే వినిపిస్తుందమ్మా అన్నాను. అయితే దొరకకూడదని ప్రార్థన చేస్తానంది.

కొత్త లైన్లు మొదలైన వారానికి ఇంజనీరు గారు నవ్వుతూ వచ్చి నన్ను కింది గదికి రమ్మన్నారు. పరీక్ష చేసే రిసీవరొకటి నా చెవికిచ్చారు. అందులో నా గొంతు తిరుగుతోంది. లైన్లు ఖాళీ లేవండీ. దాని వెనకే ఎవరో ఆడమనిషి, "అలాగేనండీ, కాసేపాగి చేస్తానండీ" అని మర్యాదగా పెట్టేసింది. ఇంకొకాయన, "ఎంతసేపాగమంటావమ్మా? పది నిమిషాలా, అరగంటా?" అని అడుగుతున్నాడు. నా గొంతు మళ్ళీ ఆ మాటే అంది. "అదే, ఎంతసేపు అంటున్నా" అన్నాడాయన. కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. ఆ వారమంతా నాకు మా బోర్డు గదిలో రాణీ వైభోగమే. "నువ్వు ఇక్కడ టీ తాగుతున్నా అక్కడ డ్యూటీ చేస్తూనే ఉంటావు" అని ఏడిపించేవాళ్ళు. ఆ మాట వేళాకోళంగానే తీసుకున్నాను, దాని పదును అప్పుడు నాకు తెలియలేదు.

ఆ నవ్వులు ఆగిపోయిన రోజు బాగా గుర్తుంది. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చి, సూపర్‌వైజరమ్మ గారి గది గుమ్మంలో నిలబడి ఎప్పటిలా "నమస్కారమండీ" అన్నాను. లోపల కుర్చీలో ఉన్న పెద్దాయన చటుక్కున వెనక్కి తిరిగాడు. కొత్తగా గీయించిన గుండు. పెడన వైపు మగ్గాల మీద నేసిన చీరలు కొని హైదరాబాదు కొట్లకి పంపే బట్టల వ్యాపారి ఆయన. ఎన్నోసార్లు కాల్ ఇచ్చాను కానీ మనిషిని చూడడం అదే మొదలు.

"నువ్వేనా?" అన్నాడు.

"ఏంటండీ?"

"ఆ గొంతు నీదేగా! ఆ రోజు పొద్దుటి నుంచీ బతిమాలాను గదమ్మా నిన్ను. మా అమ్మకి ఆఖరి ఘడియలమ్మా, హైదరాబాదులో మా అన్నకి చెప్పాలమ్మా, ఒక్క లైనివ్వమ్మా అని. మధ్యాహ్నం దాకా అడిగాను. చెప్పిందే చెప్పావ్. అయ్యో అని గూడా అన్లేదు. మా అన్న వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆఖరి చూపు లేకుండా చేశావు."

"అది నేను కాదండీ, టేపండీ" అన్నాను.

"నీ గొంతు కాదా?"

"నా గొంతేనండీ. కానీ నేను కాదండీ."

ఆ మాట నా చెవులకే అబద్ధంలా వినిపించింది. ఆయన లేచి నా ఎదురుగా వచ్చాడు. నా మెడలో సిలువ కనబడిందేమో, "మీ దేవుడి మీద ఒట్టేసి చెప్పు, నువ్వు గాదని" అన్నాడు.

మేము ఒట్టు పెట్టుకోకూడదు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతే అని చిన్నప్పటి నుంచీ అమ్మ బైబిల్లోంచి నేర్పింది. "మేం ఒట్టు పెట్టుకోమండీ" అన్నాను. ఆయన సూపర్‌వైజరమ్మ గారి వైపు తిరిగి, "చూశారా!" అన్నాడు. నాకు తల బాదుకోవాలనిపించింది.

చివరికి ఇంజనీరు గారు ఆయన్ని కింది గదికి తీసుకెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను. టేపు తిరుగుతోంది. ఇంజనీరు గారు చిన్న స్పీకరు తగిలించారు. నేను నోరు మూసుకుని ఎదురుగా నిలబడి ఉండగా నా గొంతు వినిపించింది. ఆయన టేపుని చూశాడు, నా పెదాలు చూశాడు, మళ్ళీ టేపుని చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"యంత్రమైతే మరి అండీ అని ఎందుకందండీ?"

ఇంజనీరు గారు స్పీకరు తీసేశారు.

"ఖాళీ లేవు అంటే లేవు అనుకుని ఇక్కడికే వచ్చి ఎవరి కాళ్ళో పట్టుకునేవాణ్ణి. మనిషినన్నా రైలెక్కించేవాణ్ణి. లేవండీ అందిగా. ఇంకొంచెం అడిగితే ఇస్తుందనుకున్నాను" అన్నాడు. కండువాతో గుండు తుడుచుకుని, మా వైపు చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేను నడిచినంత ఎప్పుడూ నడవలేదు. ఒళ్ళంతా మండిపోతోంది. ఎవరి మీద కోపమో తేలడం లేదు. ఆయన మీదా? తల్లిని పోగొట్టుకున్నవాడు. ఇంజనీరు గారి మీదా? నవ్వుతూ పని చేసుకునే మనిషి. ఆ టేపు మీద అనుకుందామంటే అందులో ఉన్నది నేనే. బోర్డు మీద నేను ఉండి ఉంటే, ఆయన "అర్జంటమ్మా" అన్న మొదటిసారికే గుంటూరునో ఏలూరునో నిద్రలేపి, తిట్టి, బామాలి, ఎలాగోలా కలిపేదాన్ని. ఆ నమ్మకంతోనే ఆయన అడిగాడు. నా మర్యాద మాత్రం టేపు మీదికి ఎక్కింది, నా చెవులు ఎక్కలేదు. ఏడుపొచ్చింది. బ్యారేజీ మీద లారీలు పోతుంటే ఆ దుమ్ములో నిలబడి ఏడ్చాను.

ఆయన ఇచ్చిన కంప్లయింటు అప్పటికే పైకి వెళ్ళిపోయింది. ఆపరేటరుకి పొగరు, చెప్పింది వినకుండా ఒకే మాట అంటోంది అని అందులో ఉందట. ఆఫీసరు గారు నన్ను పిలిపించి, తప్పు నాది కాదని తనకీ తెలుసన్నారు. "అయినా కంప్లయింటు ఫైల్లో ఉందిగా. ఎవరూ మనిషనుకోకుండా ఆ 'అండీ' ముక్క తీసేసి మళ్ళీ రికార్డు చేసివ్వు. సరిచేశామని రాసి మూసేస్తాం. నీ పర్మనెంటుకి అడ్డు రాదు" అన్నారు. సరేనండీ అన్నాను. ఇంకేమంటాను?

కొత్త వాక్యం: "ఈ రూటులో లైన్లు ఖాళీ లేవు. కొంతసేపటి తరువాత ప్రయత్నించగలరు." చిన్న పిల్లలు కూడా చెప్పగలిగిన మాట. నాకు రాలేదు. 'లేవు' అనగానే నాలుక తనంతట తనే 'అండీ' అనేసేది. ఇంజనీరు గారు టేపు వెనక్కి తిప్పేవారు, నేను మళ్ళీ అనేదాన్ని. ఇద్దరికీ చెమటలు పట్టాయి. చివరికి ఆయనే, "లేవు అనగానే చేత్తో నోరు మూసేసుకోండి" అన్నారు. అలాగే చేశాను. 'లేవు' అని, అరచేత్తో నోరు గట్టిగా నొక్కుకుని, ఆ ముక్కని లోపలే మింగేసి, చెయ్యి తీసి మిగతా వాక్యం చెప్పాను. ఆ టేపు తగిలించాక పరీక్ష రిసీవరులో ఒకసారి విన్నాను. నా గొంతు చెప్పింది. అవతలివాళ్ళు ఏమీ అనలేదు, టక్కున పెట్టేశారు. ఆ తర్వాత ఎవరూ దానితో మాట్లాడలేదట. సమస్య తీరిపోయిందని ఆఫీసరు గారు సంతోషించారు.

పర్మనెంటు లిస్టు వచ్చింది. అందులో నేను లేను. షార్ట్ డ్యూటీ వాళ్ళెవరూ లేరు. ట్రంకు బోర్డులు కొన్ని తీసేస్తున్నారు, ఇక గంటల మనుషులతో పని లేదని సూపర్‌వైజరమ్మ గారు కళ్ళు దించుకుని చెప్పారు.

"కంప్లయింటు వల్లేనా అండీ?"

"కాదే. అది లేకపోయినా ఇంతే."

"అయితే నా గొంతు నాకిచ్చేయమనండి" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, "టేపు గవర్నమెంటుదే పిల్లా" అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు. నాకు మాత్రం తాళ్ళన్నీ ఒక్కసారి పీకి పారేయాలనిపించింది. ఆ పని చేయలేదు. చివరి డ్యూటీలో బందరుని పిలిచి, రేపటి నుంచి నేను ఉండనని చెప్పాను. "అదేంటి, మరి బెజవాడ ఎవరు?" అని అడిగింది. తెలీదన్నాను. బందరు కాసేపు లైను మీదే ఉంది, తర్వాత ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

ఇంట్లో కూర్చున్న రోజులు నాకు నరకం. ఖాళీ చేతులు ప్లగ్గుల కోసం వెతికేవి. అమ్మ పొద్దున్నే ఆయా చీర కట్టుకుని, మోకాలు పట్టుకుని గుమ్మం దిగుతుంటే మొహం తిప్పుకునేదాన్ని. ఒక ఆదివారం ప్రార్థన నుంచి వచ్చేసరికి మా గది ముందు బట్టల వ్యాపారి నిలబడి ఉన్నాడు. గుండు మీద జుట్టు వస్తోంది. అడ్రసు సూపర్‌వైజరమ్మ గారిచ్చారట. అమ్మ మంచినీళ్ళిస్తే, తాగాలా వద్దా అని ఒక్క క్షణం గ్లాసు వంక చూసి, తాగాడు.

"నీ ఉద్యోగం నా వల్లే పోయిందా అమ్మా?" అని అడిగాడు.

"కాదండీ. ఎలాగూ పోయేదే."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "కొట్లో ఫోనుంది. రోజూ హైదరాబాదు మాట్లాడాలి. ఆ డయలు తిప్పడం నా వల్ల గాట్లేదు. అది మాట్లాడితే ఆ రోజు గుర్తొస్తది. నువ్వొచ్చి తిప్పిపెట్టు. నీ గొంతేగా, నీ మాటన్నా వింటుందేమో" అన్నాడు. నవ్వించడానికన్నాడో నిజంగానే అన్నాడో అర్థం కాలేదు. అమ్మ నా వైపు చూసింది. వస్తానండీ అన్నాను.

వన్‌టౌన్‌లో ఆయన కొట్టు. చుట్టూ గంజి వాసన వేసే కొత్త చీరల బేళ్ళు, మధ్యలో నల్ల ఫోను. మొదటి రోజు డయలు తిప్పాను. అవతల క్లిక్కుమంది. నేను ఎదురుచూసిన గొంతే వచ్చింది. ఈ రూటులో లైన్లు ఖాళీ లేవు. అరచెయ్యి అడ్డం పెట్టుకున్న ఆ చిన్న ఖాళీ కూడా స్పష్టంగా వినిపించింది. కొంతసేపటి తరువాత ప్రయత్నించగలరు. ఎవరో బాగా పొగరుబోతు మనిషి అనిపించింది. నాకే దాన్ని తిట్టాలనిపించింది.

"ఏవంటోందమ్మా?" అన్నాడాయన, చీరలు లెక్క చూస్తూ.

రిసీవరు చేత్తో మూసి, "లైన్లు ఖాళీ లేవండీ" అన్నాను.

ఆయన తలెత్తి నా వంక చూశాడు. "అర్జంటమ్మా, ఇంకోసారి చూడమ్మా" అన్నాడు.

అలాగేనండీ అని మళ్ళీ తిప్పాను.